తెలుగు పాటల రేడియో పెడుతున్నారా? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్లకు ఫార్మాట్ ఎంపిక సలహా

ఒడిశాలోని బరంపురంలో తెలుగు సంఘం తరఫున వారానికో గంట ఆన్‌లైన్‌లో పాటలు వేద్దామనుకునేవాళ్లు ఉంటారు. పర్లాకిమిడిలో కాలేజీ పేరు మీద కమ్యూనిటీ రేడియోకి (ఊరూ చుట్టుపక్కల పల్లెల కోసం నడిచే చిన్న ఎఫ్ఎం స్టేషన్‌కి) దరఖాస్తు పెడదామనుకునేవాళ్లు ఉంటారు. రాయగడలో నలుగురు మిత్రులు కలిసి రోజంతా నడిచే స్ట్రీమ్ మొదలుపెట్టాలనుకోవచ్చు. ఎవరైనా సరే, మొదటి మీటింగులో మాట్లాడుకునేది మైకు ఏది కొనాలి, పేరేం పెట్టాలి, లోగో ఎవరు గీస్తారు అనే. ఒక పాట అయ్యాక ఏ పాట వేయాలి, అది ఎవరు నిర్ణయించాలి, మధ్యలో ఎంత మాట్లాడాలి అన్నది మాత్రం ఎవరూ అడగరు. రేడియో వాళ్లు ఫార్మాట్ అనేది దాన్నే. స్టేషన్ నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

ఫార్మాట్లు చాలా ఉన్నాయి. వాటి చరిత్ర చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఎవరికో వచ్చిన ఇబ్బందిలోంచి పుట్టింది. అదే ఇబ్బంది మీకూ ఉంటే ఆ ఫార్మాట్ మీకు పనికొస్తుంది. లేకపోతే అది అమెరికాలో ఎంత ఆడినా గంజాం జిల్లాలో ఆడదు. కింద చెప్పేదంతా ఈ లెక్కలోనే చదవండి.

టాప్ 40: అవే పాటలు, మళ్లీ మళ్లీ

1949లో టాడ్ స్టార్జ్ తండ్రితో కలిసి అమెరికాలోని ఒమాహాలో కేఓడబ్ల్యూహెచ్ అనే చిన్న స్టేషన్ కొన్నాడు. పగటిపూట మాత్రమే నడిచే స్టేషన్ అది. టీవీ వచ్చి రేడియోలోని నాటకాలనీ పెద్ద తారల కార్యక్రమాలనీ లాక్కుపోతున్న కాలం. రేడియోకి మిగిలింది రికార్డులే. ఇక్కడ ఒక కథ చెబుతారు. స్టార్జ్, అతని సహచరుడు బిల్ స్టీవర్ట్ ఒక బార్‌లో కూర్చుని, జనం జూక్‌బాక్స్‌లో డబ్బులు వేసి అవే కొన్ని పాటలు మళ్లీ మళ్లీ వినడం గమనించారట. దుకాణం మూసే వేళకి, రోజంతా ఆ పాటలు విన్న వెయిట్రెస్ కూడా తన సొంత చిల్లర వేసి మళ్లీ అదే పాట పెట్టుకుందట. ఇందులో ఎంత నిజమో ఎంత కల్పనో గానీ, స్టార్జ్ చేసింది మాత్రం సరిగ్గా అదే. కొద్ది పాటలు తీసుకుని వాటినే తిప్పాడు. 1953లో న్యూ ఆర్లియన్స్‌లో ఇంకో స్టేషన్ కొన్నాడు. అక్కడి పోటీ స్టేషన్ టాప్ 20 వేస్తుంటే ఇతను టాప్ 40 వేశాడు.

డాలస్‌లో కేఎల్ఐఎఫ్ నడిపిన గోర్డన్ మెక్‌లెండన్ దీనికి జింగిల్స్ (స్టేషన్ పేరు పాడి వినిపించే చిన్న ముక్కలు), పోటీలు, ఊరి వార్తలు జతచేశాడు. 1965లో బిల్ డ్రేక్ లాస్ ఏంజెలెస్ కేహెచ్‌జేలో కొవ్వంతా తీసేశాడు. పాటల జాబితా కుదించాడు, అనౌన్సర్ల మాటలు సెకన్లకు తగ్గించాడు, ప్రకటనలూ తగ్గించాడు. అక్కడ రోజువారీ పని చూసిన ప్రోగ్రాం డైరెక్టర్ రాన్ జేకబ్స్. కొన్ని నెలల్లోనే ఆ స్టేషన్ ఊళ్లో మొదటి స్థానానికి వెళ్లింది. న్యూయార్క్ డబ్ల్యూఏబీసీలో రిక్ స్క్లార్ ఇంకా ముందుకెళ్లి, ఆ వారం మొదటి పాటని సుమారు గంటకోసారి వినిపించేవాడు.

లెక్క చిన్నదే. మాటలూ ప్రకటనలూ పోను గంటలో పన్నెండు, పదమూడు పాటలు పడతాయి. నలభై పాటల జాబితా అయితే మూడు గంటలకి ఒక చుట్టు పూర్తవుతుంది. కారులో పావుగంట వినేవాడికి హిట్ దొరక్కపోతే ఇంకో స్టేషన్‌కి తిప్పేస్తాడు. అందుకే ఇంత బిగుతు. అంటే ఈ ఫార్మాట్‌కి రెండు షరతులున్నాయి. వినేవాడు కొద్దిసేపే వినాలి, డయల్ మీద పోటీ స్టేషన్లు ఉండాలి. మీ తెలుగు స్ట్రీమ్‌కి పోటీ ఇంకో స్టేషన్ కాదు, యూట్యూబ్. కొత్త హిట్టు కావాలనుకున్న కుర్రాడు అది విడుదలైన రోజే తన ఫోన్‌లో పదిసార్లు వినేస్తాడు. దాన్నే మళ్లీ వినడానికి మీ దగ్గరకెందుకొస్తాడు? అందుకే మన ఊళ్లకి దీన్ని నేను సిఫార్సు చేయను. కాలేజీ హాస్టల్లో సాయంత్రం ఒక గంట మాత్రం నడుస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అక్కడి ఫార్మాట్ పుస్తకాల్లో ఒకే గాయకుడి పాటలు పక్కపక్కన రాకూడదనే నియమం ఉంటుంది. 1970ల నుంచి 90ల దాకా తెలుగు సినిమా పాటలు తీసుకుని ఆ నియమం పెట్టి చూడండి. బాలు గారి పాట పక్కన బాలు గారి పాట రాకుండా గంట నింపడం దాదాపు కుదరదు! పాటల వరస తనే కట్టే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు గాయకుడి పేరు బదులు సినిమా, సంగీత దర్శకుడు, హీరో పేర్లతో ఎడం పెట్టుకోవాలి. జంట పాటా, ఒంటరి పాటా అన్నది కూడా గుర్తు పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది.

ఈ పద్ధతిలో డబ్బు ఎక్కడ దూరుతుందో కూడా చూడాలి. పాట ఎన్నిసార్లు వినిపిస్తే అంత అమ్ముడవుతుందని తెలిశాక రికార్డు కంపెనీలు అనౌన్సర్లకి చాటుగా డబ్బులివ్వడం మొదలుపెట్టాయి. 1959, 60ల్లో అమెరికన్ కాంగ్రెస్ దీని మీద విచారణ జరిపింది. రాక్ అండ్ రోల్‌ని రేడియోలో ఊరూరా మోగించిన అలాన్ ఫ్రీడ్ ఉద్యోగం ఆ గొడవలోనే పోయింది. ఆ తర్వాత చాలా స్టేషన్లలో పాటలు ఎంచే అధికారం అనౌన్సర్ చేతి నుంచి ప్రోగ్రాం డైరెక్టర్ చేతికి మారింది. మీది ఎంత చిన్న స్టేషన్ అయినా, పాటల జాబితా మీద చివరి సంతకం ఎవరిదో ముందే రాసి పెట్టుకోండి. సంఘం అధ్యక్షుడి బావమరిది ఆల్బమ్ రోజూ మోగిందంటే శ్రోత రెండో వారమే కనిపెట్టేస్తాడు.

వారం వారం లెక్క: గీత్‌మాలా దారి

మనకు బాగా దగ్గరైన ఫార్మాట్ ఇదే. ఇది పుట్టిన తీరు తెలుసుకుంటే ఎందుకు దగ్గరో అర్థమవుతుంది.

1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటిని బాగా తగ్గించేశారు. నిర్మాతలతో ఒప్పందాలూ తెగిపోయాయి. అటు కొలంబోలో, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం పెట్టిన బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ రేడియో సిలోన్ చేతికొచ్చింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ అక్కడ వాణిజ్య ప్రసారాలకు దారి వేశాడు. ఇక్కడ పాటలకు దాహం, అక్కడ పాటలు పంపే యంత్రం. 1952 డిసెంబర్ 3న బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలైంది. దాని అనౌన్సర్ అమీన్ సయానీ బొంబాయిలో రికార్డు చేస్తే టేపు కొలంబో వెళ్లి, అక్కడి నుంచి బుధవారం రాత్రి 8 గంటలకు మన ఇళ్లలోకి వచ్చేది.

మొదట్లో అది వరస చెప్పే కార్యక్రమం కాదు. ఏడు పాటలు కలిపి వేసి, వాటి వరస ఊహించి రాయమనేవారు, వంద రూపాయల బహుమతి పెట్టేవారు. సయానీ చెప్పుకున్న లెక్క ప్రకారం మొదటి కార్యక్రమానికే 9 వేల ఉత్తరాలు వచ్చాయి. తర్వాత అవి వారానికి 65 వేల దాకా పెరిగాయి. అన్ని ఉత్తరాలు విప్పి చూడటం మనుషుల వల్ల కాక, రికార్డుల అమ్మకాల ఆధారంగా వరస కట్టే పద్ధతికి మారారు. దుకాణాల్లో రికార్డులు మూకుమ్మడిగా కొనేసి లెక్క మార్చే ప్రయత్నాలు కూడా జరగడంతో ఊరూరా ఉన్న శ్రోతల సంఘాల అభిప్రాయాలనూ కలిపారు. అమెరికాలో 1970 జులై 4న కేసీ కేసమ్ గొంతుతో మొదలైన అమెరికన్ టాప్ 40 కూడా వారపు కౌంట్‌డౌనే. అయితే దానికి బిల్‌బోర్డ్ పత్రిక చార్టు సిద్ధంగా ఉంది. సయానీ చార్టుని సొంతంగా తయారుచేసుకోవాల్సి వచ్చింది.

మన పరిస్థితీ అదే. బరంపురంలో తెలుగు వాళ్లు ఈ వారం ఏ పాట ఎక్కువ విన్నారో చెప్పే చార్టు ఎక్కడా లేదు. కాబట్టి మీరే తయారుచేస్తే అది మీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. వాట్సాప్ ఓటింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పది సిమ్‌లున్న ఒక అభిమాని మొత్తం వరస తిప్పేయగలడు. ఆటోవాళ్లని, టిఫిన్ సెంటర్ల వాళ్లని, పెళ్లి బ్యాండు వాళ్లని, మైకు సెట్టు అద్దెకిచ్చేవాళ్లని వారానికోసారి అడగండి: ఈ వారం జనం ఏ పాట వేయమన్నారు? ఇంకో జాగ్రత్త కూడా తీసుకోండి. మనుషుల్ని లెక్కపెడితే బరంపురం జనమే గెలుస్తారు, గుణుపురం పాట ఎప్పటికీ పైకి రాదు. ఊరికో ఓటు పెట్టండి. అప్పుడు పర్లాకిమిడికీ బరంపురానికీ మధ్య ఒక ఆట మొదలవుతుంది. వచ్చే బుధవారం మళ్లీ వినేది దాని కోసమే.

వారానికి ఒక్క గంటే చేతిలో ఉంటే మారుమాట లేకుండా ఇదే తీసుకోండి.

కోరిన పాటలు, వేళకో కార్యక్రమం

రేడియో సిలోన్ లాగేసుకున్న శ్రోతల్ని తిరిగి రప్పించడానికి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. దానికి రూపం ఇచ్చిన ముఖ్యుడు కవి నరేంద్ర శర్మ. ఇక్కడ రోజంతా ఒకటే రకం పాటలు ఉండవు. ఈ వేళకి పాత పాటలు, ఆ వేళకి సైనికుల కోసం జయమాలా, రాత్రి హవా మహల్ నాటిక, ఆ తర్వాత ఛాయాగీత్. గడియారం చూడకుండానే టైము చెప్పేయొచ్చు. వాణిజ్య ప్రకటనలు 1967లో వచ్చాయి.

దీని ప్రాణం మాత్రం కోరిన పాటల్లో ఉంది. పాట మూడు నిమిషాలైతే దాన్ని అడిగినవాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు చదవడానికి ఒక నిమిషం పట్టేది. జుమ్రీ తలయ్యా అనే చిన్న ఊరు దేశమంతటికీ తెలిసింది అక్కడి నుంచి వెళ్లిన ఉత్తరాల వల్లే. తెలుగులో జనరంజని విన్నవాళ్లకి ఆ సరదా చెప్పక్కర్లేదు. పాట ఎలాగూ తెలిసిందే, చెవులు రిక్కించేది మన ఊరి పేరు వస్తుందేమో అని. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తుందంటే, అది ఆమె వేసిన పాటల వల్ల మాత్రమే కాదు.

మన జిల్లాలకు ఈ ఫార్మాట్ ఎందుకు సరిపోతుందంటే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అప్పటి నుంచి మూడు, నాలుగు తరాలు మారాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు. తెలుగు చక్కగా మాట్లాడి, అక్షరం చదవలేని పిల్లలు ఎన్ని ఇళ్లలో లేరు? పత్రిక పెడితే వాళ్లని చేరలేరు. రేడియోకి అక్షరాలతో పని లేదు. పాటలు అడగడానికి కూడా రాయమనకండి, వాట్సాప్‌లో వాయిస్ పంపమనండి. ఆ గొంతునే పాట ముందు వినిపించండి. అమ్మమ్మ కోసం సూరత్ నుంచి మనవడు పంపిన పదిహేను సెకన్ల వాయిస్‌కి సాటి వచ్చే జింగిల్ ఏ స్టూడియోలోనూ తయారవదు. గంజాం నుంచి సూరత్ మిల్లులకి వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు కాబట్టి ఇది కేవలం ఊహ కాదు.

అనౌన్సర్ భాష గురించి ఒక్క మాట. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. అలాంటి ఊళ్లో మైకు ముందు కూర్చోగానే విజయవాడ గొంతు తెచ్చిపెట్టుకోవడం ఎందుకు? ఇక్కడి యాసలో, మధ్యలో ఒడియా మాట దొర్లినా దొర్లనిచ్చి మాట్లాడేవాళ్లనే కూర్చోబెట్టండి. వేళలు పంచుకునేటప్పుడు ఒక అరగంట ఒడియా పాటలకీ ఇవ్వండి. అక్షయ మహంతి పాటలు పెట్టినందుకు మన ఇళ్లలో ఎవరూ రేడియో కట్టేయరు. పక్కింటివాళ్లూ వినడం మొదలుపెడతారు.

కష్టం ఎక్కడంటే, ఈ ఫార్మాట్‌కి మనుషులు కావాలి. వాయిస్‌లు వినాలి, పనికిరానివి తీసేయాలి, పేర్లు తప్పు పలక్కూడదు. రోజుకి రెండు గంటల కార్యక్రమానికి ఇద్దరు క్రమం తప్పకుండా కూర్చోకపోతే రెండో నెలలో ఆగిపోతుంది.

ఇష్టమొచ్చినట్టు వేసేది

1960ల్లో అమెరికాలో ఏఎం (మీడియం వేవ్) స్టేషన్ల యజమానులు తమ ఎఫ్ఎం మీద కూడా అదే కార్యక్రమం వేసి సరిపెట్టేవారు. అలా చేయకూడదని ప్రభుత్వ నియమం వచ్చింది. దాంతో ఎఫ్ఎంలో ఖాళీ సమయం దొరికింది. వినేవాళ్లు తక్కువ, ప్రకటనలు లేవు, అడిగేవాడూ లేడు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ డోనహ్యూ కేఎంపీఎక్స్‌లో ఆ ఖాళీని వాడుకున్నాడు. జింగిల్స్ లేవు, జాబితా లేదు, ఎంత పొడుగు పాటైనా పూర్తిగా వేసేవాడు. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దారి అతని తలలో ఉండేది. కొన్నేళ్లకే లీ అబ్రమ్స్ లాంటివాళ్లు శ్రోతల సర్వేలు చేసి ఆ స్వేచ్ఛని మళ్లీ జాబితాలోకి దించేశారు.

ఖాళీ సమయం ఉండటం, డబ్బు లేకపోవడం, అడిగేవాళ్లు లేకపోవడం... ఈ మూడూ మనకీ ఉన్నాయి కాబట్టి మనసు ఇటు లాగుతుంది. మీ ఊళ్లో పాత పాటల గని లాంటి మనిషి ఒకరుంటే వారానికి ఒక రాత్రి ఆయనకి అప్పగించేయండి. స్టేషన్ మొత్తాన్ని దీని మీద నిలబెట్టొద్దు. ఆయన పెళ్లికెళ్తే స్టేషనూ పెళ్లికెళ్తుంది.

కాలేజీ వాళ్లు మాత్రం ఇక్కడ ఒక ఉదాహరణ చూడాలి. 1976లో వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ వాళ్ల డబ్ల్యూహెచ్‌యూఆర్‌లో మెల్విన్ లిండ్సే అనే విద్యార్థి రాత్రిపూట ఖాళీ నింపడానికి మైకు ముందు కూర్చున్నాడు. మెల్లగా సాగే ప్రేమపాటలు, తక్కువ మాటలు. క్వయట్ స్టార్మ్ అన్న ఆ కార్యక్రమం పేరే తర్వాత దేశమంతా ఒక ఫార్మాట్ పేరైంది. రాత్రి పది దాటాక మెలొడీ పాటల గంట ఒక విద్యార్థి చేతికివ్వడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.

పాత బంగారం, కలగాపులగం

వీటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పాత పాటలు మాత్రమే వేసే స్ట్రీమ్ అందరికన్నా తేలిక. మూడు వందల పాటలు సరిగ్గా సర్దితే రోజంతా తిరిగి రాకుండా నడుస్తుంది. 2000 తర్వాత ఉత్తర అమెరికాలో జాక్ ఎఫ్ఎం పేరుతో పాకిన పద్ధతి ఇంకో రకం. ఏ కాలం పాటైనా ఏ పాట పక్కనైనా వస్తుంది, చాలాచోట్ల అనౌన్సర్లు కూడా ఉండరు. అది పుట్టింది ఐపాడ్‌ల కాలంలో, ఖర్చు తగ్గించుకోవాలన్న ఆత్రంలో. షాపుల్లో వెనక మోగడానికి రెండూ బాగుంటాయి. అయితే అనౌన్సర్ లేని స్ట్రీమ్ మీది అయినా ఒకటే, హైదరాబాద్‌లో ఎవరిదో అయినా ఒకటే. మనుషులు దొరకని పగటి గంటలకి ఇది వాడుకుని, సాయంత్రం కోరిన పాటలకు మారండి. రాయగడ మిత్రుల్లా రోజంతా నడపాలనుకునేవాళ్లకి నా సలహా ఈ జోడీయే.

ఎఫ్ఎంలోనా, ఆన్‌లైన్‌లోనా

ఫార్మాట్ ఎంపిక దీని మీద కూడా ఆధారపడుతుంది. కమ్యూనిటీ రేడియో లైసెన్సు విద్యాసంస్థలకీ, రిజిస్టరై కనీసం మూడేళ్లు పనిచేసిన స్వచ్ఛంద సంస్థలకీ ఇస్తారు. 100 వాట్ల శక్తి, 30 మీటర్ల దాకా యాంటెనా. ఊరూ చుట్టుపక్కల పల్లెలూ వింటాయి, అంతే. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారవ్వాలి. కాబట్టి టాప్ 40, కలగాపులగం ఇక్కడ మొదటే కొట్టుకుపోతాయి. కోరిన పాటలు, వేళకో కార్యక్రమం పద్ధతి తేలిగ్గా ఇముడుతుంది. తెలుగులో దీనికి నమూనా కావాలంటే జహీరాబాద్ దగ్గర 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో ఉంది.

ఎఫ్ఎం వైపు మొగ్గడానికి నాకు ఇంకో కారణం తుపాన్లు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ గజపతి, గంజాం జిల్లాల్ని ముంచెత్తింది. కరెంటు, ఫోన్ టవర్లు పోయాక స్ట్రీమ్ వినేదెవరు? బ్యాటరీ సెట్టుకి ఎఫ్ఎం అందుతుంది, మీ వైపు జనరేటర్ ఉంటే చాలు. అలాంటప్పుడు పేర్లు, ఊళ్లు చదవడం అలవాటైన అనౌన్సర్ పాటల మధ్యలో ఏ బడిలో అన్నం వండుతున్నారో, ఏ రోడ్డు తెగిందో చెప్పగలడు. సొంత వార్తల బులెటిన్ వేయడానికి కమ్యూనిటీ రేడియోకి అనుమతి లేదు గానీ వాతావరణం, రవాణా, విపత్తు సమాచారం ఇవ్వొచ్చు.

ఇక పాటల హక్కులు. ఎఫ్ఎం ప్రసారకర్తలకు 2012 కాపీరైట్ సవరణలోని 31డి సెక్షన్ ఒక దారి ఇచ్చింది. కంపెనీతో బేరం కుదరకపోయినా నిర్ణయించిన రాయల్టీ కట్టి పాట వేసుకోవచ్చు. ఆన్‌లైన్ స్ట్రీమింగ్‌కి ఆ వెసులుబాటు వర్తించదని 2019లో బాంబే హైకోర్టు చెప్పింది. కాబట్టి స్ట్రీమ్ పెట్టేవాళ్లు సాహిత్యం, సంగీతం హక్కులకు ఐపీఆర్ఎస్ (రచయితలు, సంగీత దర్శకుల తరఫున రాయల్టీ వసూలుచేసే సంస్థ)తోనూ, రికార్డింగుకి పీపీఎల్ (మ్యూజిక్ కంపెనీల తరఫు సంస్థ) లేదా ఆ మ్యూజిక్ కంపెనీతోనూ విడిగా మాట్లాడుకోవాలి. పాతవి కదా, ఎవరడుగుతారు అనుకోవద్దు. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది ముగిసినప్పటి నుంచి 60 ఏళ్లు. బాణీ, సాహిత్యం మీద హక్కు వాటిని చేసినవాళ్లు పోయిన ఏడాది నుంచి 60 ఏళ్లు. ఘంటసాల గారు 1974లో పోయారు. అంటే 1950ల రికార్డింగ్ హక్కు తీరిపోయినా, ఆయన కట్టిన బాణీ మీద హక్కు 2034 చివరి దాకా ఉంటుంది. బడ్జెట్ రాసేటప్పుడు ఈ ఖర్చు మైకు కన్నా పైన రాయండి. అంత డబ్బు లేకపోతే వారానికి ఒక గంట గీత్‌మాలా పద్ధతిలో మొదలుపెట్టి, మిగతా సమయం ఊళ్లో పెద్దవాళ్లు పాడే పెళ్లి పాటలు, దంపుళ్ల పాటలు వాళ్ల అనుమతితో రికార్డు చేసి వేయండి. రేపు లైసెన్సు వచ్చాక అవి స్థానిక సగంలోకే వస్తాయి.